నాలుగో గేటు నుంచి ఐదు పిలుపులు

బోరబండ,
8 అక్టోబరు 2011

మామకు సరిత దండాలు.

నీ కాలి వాపు తగ్గిందా? సాయమ్మ అత్త దసరాకు కొత్త చీర కట్టుకుందా, లేక సకల జనుల సమ్మె అయ్యేదాకా కట్టనని ఒట్టు పెట్టుకుందా? ఇక్కడ మేమంతా బాగున్నామని రాయాలనే కూర్చున్నాను. కానీ బాగాలేము. ఫోనులో చెబుదామంటే నీకు వినపడదు. మెసేజీ పెడితే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు చదవడం కంటే చెవుడే నయమంటావు. ముప్పై ఏళ్ళు జనగామ రేడియోలన్నిటికీ గొంతు తెప్పించినవాడివి. ఈ చిక్కు నువ్వు కాక ఇంకెవరు విప్పుతారు?

ముందు పండగ సంగతి చెప్పి అసలు సంగతికి వస్తాను, లేకపోతే ఏడుపొస్తుంది. సద్దుల బతుకమ్మ నాడు మా గల్లీలో కరెంటు పోయింది. పోతే పోయిందని సెల్‌ఫోన్ల వెలుతురులోనే ఆడాం. మర్నాడు ఆఫీసులో ఆయుధ పూజ. కంట్రోల్ రూములో కూర్చునేదాన్ని, నాకున్న ఆయుధాలు వాకీటాకీలే కదా! పద్నాలుగింటినీ బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి పసుపు, గంధం, కుంకుమ పెట్టాను. మా సెక్యూరిటీ మేనేజరు సోమేశ్వరరావు గారు కొబ్బరికాయ కొట్టారు. భీమవరం మనిషి, భక్తి ఎక్కువ. "నిండుగా పెట్టండమ్మా, ఏడాదికోసారి కదండీ" అంటూ పక్కనే నిలబడ్డారు. మా ఆయన మొగిలి సెట్టును మాత్రం కొత్త పెళ్ళికొడుకులా ముస్తాబు చేశాను. గార్డులంతా ఒకటే నవ్వులు. గురువారం దసరా సెలవు.

శుక్రవారం మధ్యాహ్నం రోడ్డు మీద తెలంగాణ కోసం విద్యార్థుల ఊరేగింపు వచ్చింది. మా హైటెక్ సిటీ క్యాంపస్‌కు వెనక వైపు ఉన్నది నాలుగో గేటు. అక్కడ డ్యూటీ మీ అల్లుడిది, ఒక్కడే. ఓ యాభై మంది గేటెక్కి దూకి లోపలికి ఉరికారు. లాబీ అద్దం తలుపు పగిలింది. ఒక పిల్లవాడి నుదురు చీరుకుపోయి ఏడు కుట్లు పడ్డాయి.

మొగిలి కంట్రోల్ రూమును ఐదుసార్లు పిలిచానంటున్నాడు. కంట్రోల్ రూములో ఉన్నది నేనే మామా. నాకు ఒక్క మాట కూడా రాలేదు.

ఆ సాయంత్రం సోమేశ్వరరావు గారు ఆ సెట్టును పరీక్షించారు. భేషుగ్గా మాట్లాడింది. దాన్ని కవరులో పెట్టి సీలు వేసి, పైన సంతకం చేశారు. "సెట్టు బాగానే ఉందండి. మీ ఆయనే పిలవలేదు. సెలవు రోజుల్లో తెలంగాణ పాటల ధూంధాంలకు పోతాడని అందరికీ తెలుసు కదండీ, మనసు అటే ఉంటుంది" అన్నారు. పంతొమ్మిదిన విచారణ. ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, పోలీసు కేసులో పేరు రాస్తారట.

మొగిలి ఇంట్లో అన్నం కూడా సరిగా తినడం లేదు. "నువ్వన్న నమ్ముతున్నవా సరితా?" అని ఒక్కసారి అడిగాడు. ఊ అన్నాను. ఆ ఊ ఎంత గట్టిగా అన్నానో నాకే తెలియదు.

మంచి సెట్టు ఐదుసార్లు మూగబోయి సాయంత్రానికి మళ్ళీ మాట్లాడగలదా? అలా జరిగే దారి ఏదైనా ఉంటే రాయి. తొందరగా రాయి.

నీ మేనకోడలు
సరిత


జనగామ,
12 అక్టోబరు 2011

బిడ్డ సరితను యాదయ్య మామ దీవించి రాసేది. జై తెలంగాణ!

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. శభాష్! అల్లుడు పొలం గట్టు మీద పిల్లిలా ఉంటాడనుకున్నాను గాని లోపల పులిని దాచుకున్నాడని తెలియదు. మన పిల్లలను గేటు దగ్గర ఆపకుండా వదలడం ఒక ఎత్తు, తప్పంతా సెట్టు మీదికి నెట్టడం ఒక ఎత్తు. "అలా జరిగే దారి ఏదైనా ఉంటే రాయి" అన్నావు. అర్థమైంది బిడ్డా. ఉత్తరం ఎవరైనా విప్పి చదువుతారని గుట్టుగా రాశావు. నా మేనకోడలివి అనిపించుకున్నావు.

దారి ఉంది. శ్రద్ధగా చదువు. వాకీటాకీ అంటే ఒకే డబ్బాలో ఇద్దరు కాపురం ఉండటం. ఒకటి వినేది, ఒకటి మాట్లాడేది. రెండూ ఒకేసారి మేలుకొని ఉండవు. నువ్వు పక్క బటన్ నొక్కగానే వినేది పడుకుంటుంది, మాట్లాడేది లేస్తుంది. అందులో ఆసిలేటరు అని ఒకటి ఉంటుంది. కెరటాన్ని పుట్టించేది అదే. పుట్టినప్పుడు ఆ కెరటం చీమంత. దాన్ని ఒక ట్రాన్సిస్టరు కొంత పెంచి పక్కదానికి ఇస్తుంది, అది ఇంకా పెంచి చివరిదానికి ఇస్తుంది. ఆ చివరిదాన్ని ఫైనల్ అంటాం. ఏనుగంత బలం ఇచ్చి ఏరియల్‌లోకి తోసేది అదే. ఫైనల్ పోయిందా, సెట్టు అందరి మాటా వింటుంది, తన మాట మాత్రం గడప దాటదు. అచ్చం నాకు తిరగేసిన జబ్బు!

కాబట్టి ఫైనల్ పోయిందని చెప్పండి. నిజంగా పోగొట్టడం కూడా తేలికే. ఏరియల్ విప్పేసి బటన్ అదేపనిగా నొక్కి పట్టు. బయటికి పోవాల్సిన పవరు దారిలేక వెనక్కి తిరిగి ఫైనల్‌నే కాలుస్తుంది. మాడిన వాసన వస్తే వదిలెయ్యి. ఏ ఇంజనీరు వచ్చినా "పాపం, పాత సెట్టు" అనే అంటాడు.

ఇక్కడ దీక్షా శిబిరంలో మైకు సెట్టు నా చేతిలోనే ఉంది. చెవిటివాడికి మైకు అప్పగించారని నవ్వుతారు గాని, స్పీకరు కాగితం మీద వేలు పెడితే ఏ గొంతు పగులుతోందో చెప్పేస్తాను. నిన్న ఉండబట్టలేక నేనే మైకు అందుకున్నాను. "మా అల్లుడు మొగిలి హైటెక్ సిటీల మన పోరగాళ్లకు గేటు ఇడిసిపెట్టిండు!" అన్నాను. జనం లేచి నిలబడ్డారు. పేపరు విలేకరి పేరు అడిగి రాసుకుపోయాడు. మీ అత్త మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే గుడ్లురిమి చూసింది. ఎందుకో?

అల్లుడికి నా సలాం.

యాదయ్య


బోరబండ,
14 అక్టోబరు 2011

మామా,

నీ ఉత్తరం అందింది. అందకపోయినా బాగుండేది.

నేను నిన్ను అబద్ధం అడగలేదు. కారణం అడిగాను. మొగిలి అబద్ధమాడటం నువ్వెప్పుడైనా చూశావా? మా పెళ్ళిలో వరపూజకు ఆలస్యమైతే అందరూ తప్పు బస్సు మీద పెడుతుంటే, "బస్సు టైముకే వచ్చింది, నేనే నిద్రపోయిన" అని నీ ఎదుటే చెప్పలేదా? అప్పుడు నవ్వి నవ్వి నీ కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. ఆ మనిషినే ఇప్పుడు దొంగను చేశావు. పైగా శభాష్ అంటున్నావు!

నువ్వు మైకులో చెప్పింది పేపరులో వచ్చింది. "గేటు విడిచిన జనగామ అల్లుడు" అని పేరుతో సహా వేశారు. మీ ఊరి డ్రైవరు నర్సింహ ఇక్కడే క్యాబు నడుపుతాడు. మంచి చేస్తున్నాననుకుని ఆ పేపరు ముక్క తెచ్చి క్యాబుల అడ్డా దగ్గర అతికించాడు. మధ్యాహ్నానికల్లా అది సోమేశ్వరరావు గారి బల్ల మీద ఉంది. ఆయన దాన్ని నా వైపు తిప్పి పెట్టారంతే. మొగిలి దాన్ని చదివి, "మామ కూడ గిట్లనే అనుకున్నడా?" అన్నాడు. అంతే. అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

సెట్టును కాల్చమన్నావు. అది సీలు వేసిన కవరులో బీరువాలో ఉంది. ఉన్నా నేను కాల్చను.

నీకు అక్కరలేదేమో గాని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఈ కోపంలోనైనా ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. నేను గంటకోసారి గేట్లన్నిటినీ పిలుస్తాను. అంతా బాగుంటే గార్డులు నోరు విప్పరు, బటన్‌ను రెండుసార్లు టక్ టక్ మనిపిస్తారు. ఇక్కడ అందరి అలవాటు అదే. శుక్రవారం పొద్దున్నుంచీ నాలుగో గేటు టక్ టక్ లు వస్తూనే ఉన్నాయి. పన్నెండు దాటాక మాత్రం నా రిజిస్టరులో ఇలా ఉంది: "12.10. ఎవరో బటన్ నొక్కి పట్టుకున్నారు. ఆకుపచ్చ దీపం వెలిగింది. మాట లేదు." అలాంటివి ఐదు. ఎవరైనా బటన్ నొక్కితే నా సెట్టు మీద వెలిగే దీపం అది. నేను ఒళ్ళుమండి, "ఎవలు బటన్ మీద కూసున్నది? లేవుండ్రి!" అని తిట్టాను కూడా. ఆ తిట్టు మొగిలికి వినపడిందట. ఇంకెవరినో అంటున్నాననుకుని మళ్ళీ నొక్కాడట. తన సెట్టు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉందట. డ్యూటీలో సెల్‌ఫోన్లు లాకర్లలో పెట్టాలి. పరుగెత్తుకొద్దామంటే గేటు వదలకూడదు.

ఈ రిజిస్టరు చూపిస్తే, భార్య రాసిన రిజిస్టరు ఎవరు నమ్ముతారండి అన్నారు సోమేశ్వరరావు గారు. ఆయన భుజానికి ఎప్పుడూ ఒక మైకు వేలాడుతుంటుంది. రోజూ పొద్దున స్టోరులో ఆ మైకునే ఒక్కో సెట్టుకూ గుచ్చి, హలో హలో అని చూసి మాకు ఇస్తారు. శుక్రవారం సాయంత్రం కూడా అలాగే గుచ్చి చూశారు. అది పలికింది. ఆయన తప్పు మాత్రం ఏముంది?

విచారణకు ఇంక ఐదు రోజులే. నీకు వీరుడు కావాలి. నాకు నా మొగుడు చాలు.

సరిత


జనగామ,
17 అక్టోబరు 2011

బిడ్డా సరితా,

రైళ్ళు ఆపేశారు. ఈ ఉత్తరాన్ని నర్సింహ చేతికే ఇచ్చి కారులో పంపుతున్నాను. తప్పు తెచ్చినవాడే దిద్దుబాటు కూడా తేవాలి అన్నాను. పాపం, తల వంచుకుని జేబులో పెట్టుకున్నాడు. అసలు తప్పు నాది. నీ ఉత్తరం చదివి నా చెంపలు నేనే వాయించుకున్నాను. మీ అత్త ఇంకా గట్టిగా అన్నట్టు చెయ్యి ఊపింది.

కానీ బిడ్డా, "ఆకుపచ్చ దీపం వెలిగింది, మాట లేదు" అన్న చోటికి వచ్చేసరికి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. సాయమ్మ నాకు గుండెపోటు వచ్చిందనుకుని నీళ్ళు తెచ్చింది. గుండెపోటు కాదు, ఆనందం! అబద్ధమాడేవాడు "సెట్టు పని చేయలేదు" అంటాడు. దీపం వెలిగి మాట రాకపోవడమన్నది రేడియో బాగుచేసేవాడికి తప్ప ఇంకొకరికి తోచే అబద్ధం కాదు. అల్లుడు పిలిచాడు. ఐదుసార్లూ పిలిచాడు. నాకు ఇప్పుడు నా పేరెంత నిజమో అదీ అంత నిజం.

మీ సెట్లు ఎఫ్‌ఎం సెట్లు. వీటిలో కెరటం ఎప్పుడూ ఒకే బలంతో పోతుంది. నువ్వు మాట్లాడినా, ఊరుకున్నా, బటన్ నొక్కితే చాలు నిండుగా పోతుంది. మరి మాట ఏం చేస్తుంది? ఆ కెరటం వేగాన్ని కాస్త పెంచి, కాస్త తగ్గించి ఊపుతుంది. బతుకమ్మ ఆట గుర్తు చేసుకో. చప్పట్ల చప్పుడు ఒకటే, పాటను బట్టి వేగం మారుతుంది. పాట పాడేవాళ్ళ గొంతు పోయిందనుకో, చప్పట్లు మాత్రం ఆగలేదనుకో. దూరం నుంచి చూసేవాడికి ఆట నడుస్తున్నట్టే ఉంటుంది. నాలుగో గేటు నుంచి నీకు అందింది పాట లేని చప్పట్లు. నీ ఆకుపచ్చ దీపం కెరటాన్ని చూసి వెలుగుతుంది, మాటను చూసి కాదు. టక్ టక్ లు కూడా కెరటం వచ్చి పోవడమే, వాటికి మైకుతో పనిలేదు. అందుకే పొద్దున్నుంచీ ఎవరికీ అనుమానం రాలేదు.

అంటే ఆసిలేటరు బాగుంది, ఫైనల్ బాగుంది, ఏరియల్ బాగుంది. మాట పుట్టిన చోటే ఆగింది. సెట్టు ముందు వైపు పుల్ల దూరేంత రంధ్రం ఉంటుంది చూడు, దాని వెనక శనగ గింజంత మైకు ఉంటుంది. లోపల ఉల్లిపొర కంటే పలుచని పొర. మాట తగిలితే వణుకుతుంది. ఆ వణుకును కరెంటుగా మార్చడానికి ఆ గింజలోనే ఒక బుల్లి ట్రాన్సిస్టరు కూర్చుని ఉంటుంది. దానికి రెండు వోల్టుల తిండి పెట్టాలి. తిండి పోయే తీగ మీదే మాట తిరిగి వస్తుంది, ఎంత పొదుపో చూడు! ఆ మాటను ఒక సర్క్యూటు పెంచుతుంది. మరీ అరిచేవాళ్ళ మాటను ఇంకొకటి పైన కత్తిరిస్తుంది. అందుకే వాకీటాకీలో అరిచి లాభం లేదని మీవాళ్ళకు చెప్పు. అక్కడి నుంచి మాట వారాక్టరు అనే డయోడు దగ్గరికి పోతుంది. ఆసిలేటరు వేగాన్ని ఊపేది ఆ డయోడే. పొర వణకలేదా, ఈ దారి మొత్తం ఖాళీ. కెరటం ఊగకుండా నిటారుగా పోతుంది.

ఇప్పుడు అసలు ముడి. సాయంత్రం ఎందుకు పలికింది? సెట్టు పక్కన రబ్బరు మూత కింద ఒక సాకెట్టు ఉంటుంది. అందులో బయటి మైకు పిన్ను గుచ్చగానే లోపల ఒక రేకు పక్కకు జరిగి సెట్టు సొంత మైకును విడదీస్తుంది. రెండూ ఒకేసారి పలికితే గోల కదా, అందుకని. మీ సోమేశ్వరరావు గారు రోజూ పద్నాలుగు సెట్లకు పిన్ను గుచ్చి హలో అంటున్నారే, ఆయన చూసేది పద్నాలుగు మైకులను కాదు. తన భుజం మీది ఒక్క మైకును పద్నాలుగుసార్లు చూస్తున్నారు!

విచారణలో ఇలా అడుగు. అందరి ముందూ సీలు విప్పమను. ఏమీ గుచ్చకుండా మాట్లాడించు. తర్వాత గుచ్చి మాట్లాడించు. ఆపైన మూత తీయించి ఆ గింజను చూడమను. తడో, చెమటో ఏదో తగిలి పొర అతుక్కుని ఉంటుంది. ఏం తగిలిందో ఇక్కడి నుంచి నేను చెప్పలేను. నా రెండు ఉత్తరాలూ వాళ్ళ చేతికివ్వు. మొదటిది చూస్తే నన్ను దొంగ ముసలాడంటారు. అననీ. దాన్ని దాచి రెండోది ఒక్కటే చూపిస్తే మాత్రం అది అబద్ధమవుతుంది, అల్లుడి ఇంట్లో ఇక నేను అబద్ధం పెట్టను.

అల్లుణ్ణి అన్నం తినమను.

మీ మామ
యాదయ్య


బోరబండ,
19 అక్టోబరు 2011

మామా! మామా! మామా!

బూట్లు కూడా విప్పకుండా రాస్తున్నాను. మొగిలి ఎదురుగా కూర్చుని పప్పన్నం తింటున్నాడు, రెండోసారి పెట్టించుకుని! ముందు ఆ ముక్క చదువుకుని ఊపిరి పీల్చుకో, మిగతాది తర్వాత.

విచారణకు కంపెనీ తరఫున ఉమాశ్రీ మేడమ్ వచ్చారు. చిన్న వయసే గాని చూపు సూదిలా ఉంటుంది. మొదట బల్ల మీద పేపరు ముక్క పెట్టారు. "దీని సంగతి ఏమిటండీ?" అన్నారు.  నీ ఉత్తరాలు రెండూ ముందుకు తోశాను. ఫైనల్‌ను కాల్చమన్న చోట ఆవిడ ఆగి, కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చదివారు. "సెట్టును ఎలా చెడగొట్టాలో మీ మావయ్య నేర్పించారు. ఇప్పుడు అది చెడి ఉంటే నేను ఎందుకు నమ్మాలి?" అన్నారు.

 అప్పుడు సోమేశ్వరరావు గారు లేచి కవరు చూపించారు. "సీలు నేను వేసిందండి. సంతకం చెక్కుచెదరలేదు. దీన్ని ఎవరూ ముట్టుకోలేదు, అది మాత్రం నేను పూచీ" అన్నారు. మామా, ఆయన మన మీద కోపంగా ఉన్నారనుకున్నాను. ఆయనకు ఉన్నది లెక్కే, కోపం కాదు.

సీలు విప్పారు. ఉమాశ్రీ మేడమ్ ఆ సెట్టు తీసుకుని వరండా చివరికి పోయారు. నా చేతిలో ఇంకో సెట్టు. ఆకుపచ్చ దీపం వెలిగింది. మాట లేదు! అద్దంలోంచి ఆవిడ పెదవులు కదులుతున్నాయి, దీపం వెలుగుతోంది, గదంతా నిశ్శబ్దం. సోమేశ్వరరావు గారు నా చేతిలోని సెట్టును చెవికి ఆనించుకున్నారు. తర్వాత భుజం మీది మైకు తీసి పంపించారు. పిన్ను గుచ్చగానే "హలో, హలో, వినిపిస్తోందా?" అని గది దద్దరిల్లింది. నేను ఎగిరి గంతేశాను. నిజంగానే మామా, విచారణ గదిలో! నా బూటు పెంటయ్య కాలి మీద పడింది. ఆయన మా ఎలక్ట్రీషియన్, మూత తీయడానికి వచ్చాడు. సోమేశ్వరరావు గారు మాత్రం కుర్చీలో కూలబడ్డారు. "మూడేళ్ళ నుంచి ఇలాగే చూస్తున్నానండి" అని మూడుసార్లు అన్నారు.

పెంటయ్య మరలు తీసి మూత విప్పాడు. ఆ శనగ గింజ బయటికి వచ్చింది. పచ్చగా ఉంది మామా.

పసుపు. దాని మీద గంధం గట్టిపడి పొట్టులా అంటుకుని ఉంది. నువ్వు తడి అన్నావు, చెమట అన్నావు. అది నా చేతి పని. ఆయుధ పూజ నాడు అన్ని సెట్లకూ పైన చిన్న చుక్క పెట్టి వదిలేశాను. మొగిలి సెట్టుకు మాత్రం పన్నీరు కలిపిన గంధం నిండుగా మెత్తి, నడి మధ్యలో ఉన్న ఆ చిన్న రంధ్రం బొట్టు కోసమే చేసినట్టుంటే సరిగ్గా దాని మీదే పెట్టాను. నా మొగుడి సెట్టు కదా అని. దసరా రోజంతా అది వెల్లకిలా పడి ఉంది, గంధం నింపాదిగా లోపలికి దిగింది.

దాచొచ్చు. ఎవరూ నన్ను అడగలేదు. కానీ మొగిలి నన్ను చూశాడు, తనకు అర్థమైపోయింది, అయినా నోరు విప్పలేదు. నా కోసం ఇంకోసారి మాట మింగుతున్నాడు! అది చూసి తట్టుకోలేకపోయాను. "నేనే పెట్టిన మేడమ్. ఆయన గొంతు మీద నేనే గంధం పూసిన" అని ఏడ్చేశాను. సోమేశ్వరరావు గారు ఆయుధ పూజ నాడు ఆ గదిలోని కంప్యూటర్‌కు పెట్టిన బొట్టు వైపు చూశారు. తర్వాత, "నిండుగా పెట్టమన్నది నేనండి. కాగితంలో నా పేరు కూడా రాయండి" అన్నారు.

ఉమాశ్రీ మేడమ్ కలం మూసి మొగిలి వైపు తిరిగారు. "ఇంతకీ ఆ ఐదుసార్లూ మీరు ఏం చెప్పారు?"

మామా, అప్పుడు తెలిసింది. పన్నెండు రోజులుగా పిలిచాడా లేదా అని అందరం కొట్టుకున్నాం గాని ఏం చెప్పావని ఒక్కరం అడగలేదు. నేనూ అడగలేదు.

మొగిలి నేల చూపులు చూస్తూ చెప్పాడు. "తలుపు తియ్యుమన్న మేడమ్. మిట్టమధ్యాహ్నం ఎండల గా లాబీ అద్దం కనవడది. పోరగాళ్లు పాటలు పాడుకుంట ఉరుకుతుండ్రు. తలుపు తియ్యి సరితా, గుద్దుకుంటరు, తలుపు తియ్యి అన్న. ఐదుసార్లు గదే అన్న."

ఊరేగింపు వస్తోందని పదకొండింటికే ఆ తలుపుకు తాళం పడేటట్టు మీట నొక్కింది నేను. ఆ మీట నా మోచేతి పక్కనే ఉంటుంది. ఒక్క వేలి పని. తప్పు నా మీదికి వస్తుందనే ఇన్నాళ్ళూ ఆ మాటలు మింగాడు. ఆ పిల్లవాడి నుదుటికి ఏడు కుట్లు.

ఉమాశ్రీ మేడమ్ మళ్ళీ కలం తెరిచారు. మొగిలి రేపటి నుంచి డ్యూటీకి రావాలని, కేసులో అతని పేరు ఉండదని రాసి సంతకం పెట్టారు. ఇక పొద్దుటి పరీక్ష పిన్ను గుచ్చకుండానే చేయాలని కింద ఇంకో వాక్యం రాశారు. అది నీ వాక్యమే మామా.

ఆ పిల్లవాడు ఎక్కడుంటాడో కనుక్కున్నాం. ప్రగతి నగర్ దగ్గర హాస్టలట. ఆదివారం ఇద్దరం పోయి చూసి వస్తాం.

నీ సరిత


జనగామ,
23 అక్టోబరు 2011

బిడ్డ సరితకూ అల్లుడు మొగిలికీ మామ దీవెనలు.

నీ ఉత్తరం చదివి మీ అత్త కొత్త చీర కట్టుకుంది. సమ్మె ఒట్టు ఏమైందని అడిగితే, చేతులు తిప్పుతూ నా మీదే ఏదో పెద్ద ఉపన్యాసం ఇచ్చింది. అదృష్టం కొద్దీ వినపడలేదు.

నిన్న శిబిరానికి పోయి మైకు అందుకున్నాను. "పదకొండు రోజుల కింద నేను చెప్పింది తప్పు. మా అల్లుడు గేటు ఇడిసిపెట్టలే. కంట్రోల్ రూముకు ఐదుసార్లు పిలిచిండు" అన్నాను. జనం మొహాలు ముడుచుకున్నాయి. ముందు వరుసలో ఒకాయన లేచి చెయ్యి ఊపుతూ అరిచాడు. నేను అత్త వైపు చూస్తే కాగితం మీద రాసి చూపించింది: "మనోళ్లను పట్టియ్యవోయిండా అంటున్నడు." నేను మైకు వదలలేదు. "ఏమని పిలిచిండో ఇనుండ్రి" అని అల్లుడి మాటలను అల్లుడు చెప్పినట్టే చెప్పాను. తలుపు తియ్యి సరితా, గుద్దుకుంటరు, తలుపు తియ్యి. ఐదుసార్లు చెప్పాను. ఒక వేలు స్పీకరు కాగితం మీదే ఉంచాను, ఒక్క మాట కూడా పోకూడదని. ఐదోసారి అయ్యేసరికి అరిచినాయన కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. చప్పట్లు నాకు వినపడవు గాని చేతులు కనపడ్డాయి. విలేకరి కూడా రాసుకున్నాడు. వేస్తాడో లేదో తెలియదు. వేయకపోతే రోజూ పోయి అడుగుతాను, నాకు వేరే పనేముంది?

ఈ కవరుతో పాటు ఒక అగ్గిపెట్టె పంపుతున్నాను. అందులో దూదిలో చుట్టి కొత్త మైకు గింజ ఉంది. నా పాత టేప్‌రికార్డరులోంచి తీశాను, మంచి చెవి దానికి. తీగలు తారుమారు కాకుండా అతికించమని పెంటయ్యకు చెప్పు, చిన్న బొమ్మ వేసి పెట్టాను. వచ్చే దసరాకు పూజ మానకు బిడ్డా. నిండుగానే పెట్టు. వెనక వైపు, బ్యాటరీ మీద పెట్టు.

అల్లుడూ, ఇది నీకు. చెవులు పోయి ఐదేళ్ళయింది. ఎదుటివాళ్ళ పెదవులు కదిలితే చాలు, నాకు నచ్చిన మాటేదో వాళ్ళు అన్నారనుకుని తల ఊపడం అలవాటైపోయింది. నీ విషయంలోనూ అదే చేశాను. నువ్వు ఏమన్నావో తెలియకుండానే శభాష్ అన్నాను. నాకు సిగ్గుగా ఉంది. ఇక నుంచి సరితతో రాయించకు, నీ మాట నువ్వే రాయి. తప్పులు ఉన్నా పరవాలేదు, ఉత్తరం ఎంత పెద్దదైనా పరవాలేదు. నా మాట ఒక్కటీ కలపకుండా చదువుతాను.

నీ మామ
యాదయ్య